గడప చెక్క

వడ్రంగి గుమ్మానికి కొత్త గడప బిగిస్తున్నాడు.

పాతది తనే కోసేశాడు, కొడుకు చక్రాల కుర్చీ తిరగడానికి. ఒంట్లో కండరాలు కరిగిపోయి ఆ కుర్రాడు పోయాడు. కుర్చీ పెరట్లో బోర్లా పడి ఉంది.

"తలుపు కింద నుంచి చలి కొడుతోంది," అంది పొద్దున భార్య, గోడతో. మొగుడితో నేరుగా మాట్లాడటం ఎప్పుడో మానేసింది.

ఆ గోడ మీద రెండు ఫొటోలు. ఒకటి కొడుకుది. ఇంకొకటి చిన్నతనంలోనే పోయిన ఆమె తమ్ముడిది. ఇద్దరూ కూర్చునే ఉన్నారు. "అంతా మేనమామ పోలికే," అని ఒకప్పుడు మురిసిపోయేది.

నర్సు టీకా మందుపెట్టెతో వచ్చి వాకిట్లో నిలబడింది.

"మీ మాట పట్టుకుని వీధిలో ఒక్కరూ చెయ్యి చాపట్లేదన్నా. ఎదురింటి ముసలావిడ నన్ను చూసి తలుపేసుకుంది."

"మంచి పని చేసింది."

"ఈ టీకాలో ఉండే ఎంఆర్‌ఎన్‌ఏ అంటే చీటీ లాంటిది. ఒంటికి కబురు చెప్పి కరిగిపోతుంది. జన్యువులుండే గది గుమ్మమే తొక్కదు. వాటినెలా మారుస్తుంది?"

"నా కొడుకు కాళ్ళనడగాల్సింది. చెప్పేవి."

లోపల్నుంచి భార్య గొంతు లేచింది. "సూదినని ఏం లాభంలేమ్మా. నాకు తెలియకుండా పిల్లాణ్ణి లాక్కెళ్ళి పొడిపించాడు మహానుభావుడు. కాళ్ళు పడిపోయాక గానీ నోరు విప్పలేదు. కన్నతండ్రో, కసాయో."

వడ్రంగి తలెత్తలేదు. "అవును. నేనే చంపుకున్నాను."

"అసలు మీ అబ్బాయికి మేమెప్పుడు..." అంటూ నర్సు ఏదో చెప్పబోయింది. సుత్తి దెబ్బ పడింది. మళ్ళీ పడింది. మేకు ఎప్పుడో దిగిపోయింది. అయినా కొడుతూనే ఉన్నాడు.

నర్సు అతని మొహం చూసింది. పెట్టె భుజాన తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఎదురింట్లో ముసలావిడ దగ్గుతోంది. వడ్రంగి ఆ వైపు చూడలేదు.

భార్య కంచం విసురుగా పెట్టి పక్కకి తిరిగింది. అతను తిన్నాడు. తనని తిట్టడానికైనా ఆమె రోజూ లేస్తోంది, పొయ్యి వెలిగిస్తోంది.

కొడుక్కి ఆ సూది అసలు వేయించనే లేదు. జబ్బు తల్లి వైపు నుంచి, మేనమామకి వచ్చిన దారినే వచ్చిందని డాక్టరు తేల్చిన రోజున, చక్రాల కుర్చీలోంచి వాడే అడిగాడు, "అమ్మకి మాత్రం సూది వల్లేనని చెప్పు నాన్నా."