ఎనిమిదో కండె

"ఒక్కో కండెకు పిలిస్తే నా పనెట్ల సాగుతది అవ్వా? ఎనిమిది జమైనంకనే పిలువు," అని పొద్దున్నే విసుక్కుంది రోజారమణి.

"గట్లనే తియ్యి బిడ్డా," అంది యాదమ్మ, రాట్నం మీద నూలు చుడుతూ. ఆమె మోకాళ్లు లేవనీయవు. చుట్టిన కండెలను మగ్గం గదిలోకి మనవరాలే అందించాలి.

ముందు గదిలో రోజారమణి చేస్తున్న కంప్యూటర్ ఉద్యోగమూ అలాంటిదే. డిస్కు ఒక్కో పని ముగించినప్పుడల్లా ప్రాసెసర్‌ను పిలుస్తోంది. ఆ పిలుపును ఇంటరప్ట్ అంటారు. వాటిని అందుకోవడానికే ప్రాసెసర్ సత్తువ సగం పోతోంది. అందుకని ఎనిమిది పనులు పోగయ్యాకే ఒక్కసారి పిలిచేలా, డిస్కును నడిపే ప్రోగ్రామ్ అయిన డ్రైవర్‌ను మార్చింది. వేగం రెట్టింపైంది.

మధ్యాహ్నం ఆ మార్పుకు పెట్టిన పరీక్ష నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. గంటసేపు వెతికితే తప్పు దొరికింది. ఏడు పనులు ముగిశాయి, ఎనిమిదోది రానే లేదు. కాబట్టి డిస్కు పిలవలేదు. ఎనిమిది కాకపోయినా ఇంతసేపటికి పిలవాలి అనే గడువు పెట్టడం తనే మరిచిపోయింది.

ఆ గడువు రాయబోతుంటే వేళ్లు ఆగిపోయాయి. వెనక గదిలో రాట్నం చప్పుడు లేదు. ఎప్పటినుంచి లేదో గుర్తు రాలేదు.

"అవ్వా!"

లేచి పరుగెత్తింది.

యాదమ్మ గోడకు ఒరిగిపోయి ఉంది. మూతి ఒక పక్కకు లాగింది. కుడి చెయ్యి ఒళ్లో వాలిపోయింది. మాట ముద్దముద్దగా వచ్చింది.

"పొద్దుగాలనే చెయ్యి పడిపోయింది బిడ్డా... కండెలు ఏడే అయినయి. ఎనిమిది కాలేదని పిలువలే."