నీలం దీపం

“అక్కా, ఊడ్చడం ఆపి ఒక్కసారి చూడు. ఆపేయాల్సిన పాత మిషన్ ఏదో తెలిసేలా ఇక్కణ్ణుంచే కమాండ్ కొట్టి దాని నీలం దీపం వెలిగించాను. వెలిగింది అడుగునున్నదే కదా?” ఫోన్‌లో అడిగాడు ఇంజినీరు.

ఆసుపత్రి సర్వర్ గది ఊడ్చే ఆమె తలెత్తి చూసింది. “కాదు బాబూ, పైది. పసిపిల్లల వార్డుది!”

“నీకేం తెలుసులే, సరిగ్గా చూడు.”

“రోజూ దుమ్ము దులిపేదాన్ని, నాకు తెలీదా? ముందు మీరు చెయ్యి వెనక్కి తీసుకోండి, మీకు పుణ్యముంటుంది.”

అవతల కీబోర్డు టకటకలాడింది. “మిషన్ నంబర్లో ఒక అంకె తప్పు కొట్టానక్కా.”

“పోన్లెండి, ఆపలేదుగా.”

“దీన్ని ఆపలేదు. ఇందాకే ఇంకో రెండింటిని ఆపాను, ఎవర్నీ చూడమనకుండానే.”

“అవి ఏ వార్డువి బాబూ?”

“తెలీదు. మీరే చూసి చెప్పండక్కా.”