సిద్దిరాములు పులుసు మెచ్చిన నాడు

మా పక్కింట్లో మగ్గం నేసే సిద్దిరాములుకు మొహమాటమన్నది తెలియదు. తాను నేసిన చీరలో పోగు తెగిన చోటును కొనేవాళ్లకు తానే వేలు పెట్టి చూపించేవాడు. సొంత తమ్ముడి పంచాయితీలో ఎదుటివాడి తరఫున సాక్ష్యం చెప్పి వచ్చాడు. ఇంట్లో భార్య లీలమ్మ వంటకు పెళ్లైన నాటి నుంచీ వంక పెడుతూనే ఉన్నాడు. అంగట్లో ఒక నీతి, ఇంట్లో ఒక నీతి పెట్టుకునే మనిషైతే ఆ పిల్ల కాస్త సుఖపడేది.

ఆ రోజు పిల్లల్ని మా ఇంట్లో వదిలి లీలమ్మను నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, అతన్ని ఒక్కణ్నే లోపలికి పిలిచాడు.

“ఏమన్నడయ్యా?” అని బస్సులో దారి పొడుగునా అడిగింది.

“నీరసమేనట. తగ్గుతదట.”

ఇంటికి రాగానే ఆమె పొయ్యి రాజేసి, చింతపండు పులుసు కాచి వడ్డించింది.

“ఉప్పు సరిపోయిందా?”

“మంచిగున్నదే. ఇంకింత పొయ్యి.”

లీలమ్మ అందులో ఉప్పు వెయ్యనే లేదు.

గంటె నిండా ముంచింది. అడిగినంతా పోసింది.

“రేపటి సంది నువ్వే వండు. నేను పక్కన కూసొని చెప్త,” అన్నది. “పిల్లలకైతే ఉప్పేసి పెట్టు.”