వంతెనకు ఇవతల

వ్యాను ఆగిన కాసేపటికే ఎవరో ఒకావిడ వచ్చి గుర్రం ముక్కు మీద చెయ్యి వేసింది.

అప్పటిదాకా రేకులు అదిరేలా తన్నుతున్న సితార ఒక్కసారిగా తల వంచేసింది.

"ఏయ్, ఎవరు నువ్వు? చెయ్యి తియ్యి!" చాయ్ గ్లాసు కింద పెట్టి ఉరికాడు కరుణాకర్.

ఆమె తియ్యలేదు. గుర్రం చెవి దగ్గర నోరు పెట్టి ఏదో అంటోంది. మాట కాదది. గొంతు లోపలినుంచి వచ్చే సన్నటి మూలుగు.

సితార కళ్లు మూతపడ్డాయి.

కరుణాకర్ రెండడుగుల దూరంలో ఆగిపోయాడు.

హుజూరాబాద్‌లో పెళ్లి బరాత్‌లకు గుర్రాన్ని తీసుకెళ్లడం అతని పని. పిల్లల్లేని ఆ ఇంట్లో సితారే పిల్ల. పోయిన నెల ఒక బరాత్‌లో దాని కాళ్ల కింద పటాకులు పేలాయి. ముందుకాలు చీలింది. కుట్లయితే పడ్డాయి గానీ బెదురు పోలేదు. మనిషి నీడ పడితే వణికిపోయేది.

ఖానాపూర్ దగ్గర ఒక తోటలో ఇలాంటి గుర్రాలను సాకి బాగుచేస్తారని విన్నాడు. ఫోన్ చేస్తే అలేఖ్య అనే అమ్మాయి మాట్లాడింది. "తోల్కరా అన్నా, మేం చూస్కుంటం" అంది.

పొద్దు వాలుతుండగా గోదావరి వంతెనకు ఇవతల, చాయ్ హోటల్ దగ్గర ఆగారు.

"నన్ను తప్ప ఎవ్వల్ని దగ్గరికి రానిస్తలేదు ఇది. గిప్పుడేంది గిట్లయింది?" అన్నాడు కరుణాకర్.

డ్రైవర్ హనుమండ్లు గొంతు తగ్గించాడు. "ఆమె సంచిల చూడన్నా. అన్ని ఏర్లు, ఆకులు. నాకు మంచిగ గొడ్తలేదు."

ఆమె వ్యాను వెనక తలుపు చూపించింది. తనను చూపించుకుంది. నది వైపు చూపించి, వద్దు వద్దన్నట్టు రెండు చేతులూ ఊపింది.

"ఏం చెప్తున్నది?"

"గోదారి దాటనియ్యదట!" హనుమండ్లు మొహం పాలిపోయింది.

ఆమె వ్యానులోకి ఎక్కబోయింది. కరుణాకర్ రెక్క పట్టి కిందికి గుంజాడు. పడింది. లేచి మళ్లీ తలుపు పట్టుకుంది.

"బాణామతి!" హనుమండ్లు అరిచాడు. "గుర్రానికి బాణామతి చేస్తుంది!"

హోటల్లోంచి మనుషులు బయటికొచ్చారు.

"ఎవరామె?"

"మన ఊరు కాదు."

"పొద్దటిసంది గీన్నే కూసున్నది. అడిగితె నోరు తెరుస్తలేదు."

ఒకడు ఆమె జుట్టు పట్టుకున్నాడు.

"పోదాం పా అన్నా," అన్నాడు హనుమండ్లు.

వ్యాను కదిలింది. పక్క అద్దంలో గుంపు పైన ఆమె చెయ్యి ఒక్కటే కనిపించింది, వ్యాను వైపు చాచి. తర్వాత అదీ కనిపించలేదు.

"జర ఆపు" అనబోయాడు కరుణాకర్. అనలేదు.

వంతెన మధ్యకు రాగానే లారీ ఒకటి హారన్ కొడుతూ ఎదురొచ్చింది. కింద నీళ్ల హోరు. సితార పిచ్చెత్తినట్టు లేచింది. రేకులు తన్నింది. తాడు తెంపుకోబోయి కూలబడింది. కరుణాకర్ పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాడు. అది వినలేదు.

అవతలి ఒడ్డుకు చేరేసరికి కుట్లు తెగాయి. కాలి కట్టంతా నెత్తురు.

తోట గేటు దగ్గర అలేఖ్య ఎదురుచూస్తోంది. వ్యానులోకి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బతుకుతదా అమ్మా? ఏదన్న జెయ్యి, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు కరుణాకర్.

ఆ అమ్మాయి క్యాబిన్‌లోకి తొంగిచూసింది. వెనక్కి తిరిగి, వాళ్లొచ్చిన దారి వైపు చూసింది.

"నీకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలే అన్నా... గుర్రాలను బాగుచేసేది నేను కాదు, మాటలు రాని మా అవ్వ. వంతెన మీద బెదుర్తదని, ఎనుక ఎక్కి పట్టుకొస్తనని సైగ చేసి పొద్దుగాల్నే అవతలి ఒడ్డుకు పోయింది, మీ బండ్ల రాలేదా?"