పిడుదుల మందు

“చెవుల లోపట జూడు తారా. తోక మొదట్ల జూడు. పొదుగు పక్కపొంట జూడు...”

కొట్టం గుంజకు వేలాడుతున్న టేప్‌రికార్డర్‌లోంచి రాజమల్లు గొంతు చెబుతుంటే, పశువుల దవాఖాన కాంపౌండర్ గంగాకిషన్ ఆవు తోక ఎత్తి చూశాడు. ఏడెనిమిది పిడుదులు రక్తం తాగి శనగగింజల్లా ఉబ్బి ఉన్నాయి.

“మస్కట్ల ఉండి గూడ కరెక్టు చెప్తుండు చెల్లె. ఏం పని జేస్తడు?”

“పెద్ద దుకాణంల సేల్స్‌మన్ సార్. ఏసీల పని. గా హోరు ఇనవడుతుంది జూడు, గదే ఏసీ సప్పుడు,” అంది తార.

ఆర్మూరు శివారులోని ఆ ఇంట్లో తారకు ఆ ఆవు తప్ప తోడు లేదు. సర్కారు పథకంలో వచ్చిన జెర్సీ ఆవు. భర్త రాజమల్లు మస్కట్ పోయి మూడేళ్లు. పోయిన నెలలో ఆవుకు పిడుదుల జ్వరం తగిలింది. జబ్బ ముందర నిమ్మకాయంత గడ్డ లేచింది. మూడు రోజులు మేత ముట్టలేదు. అదే జ్వరంతో వెనకింటి సత్తవ్వ ఆవు రెండో రోజే చచ్చిపోయింది. గంగాకిషన్ ఆవు చెవి నుంచి రక్తపు చుక్క గాజుపలక మీద తీసి నిజామాబాద్ పంపాడు. పొద్దున, సాయంత్రం వచ్చి సూదులిచ్చాడు. ఆ మూడు రోజులూ తార ఆవు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది లేచి నిలబడ్డాక, ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఖాళీ క్యాసెట్‌కు చెప్పుకుని మస్కట్ పంపించింది. దానికి జవాబుగా వచ్చిందే ఈ క్యాసెట్.

ఇప్పుడు సర్కారు వాడ మొత్తానికీ మందు కొట్టిస్తోంది. ప్రతి పశువుకూ, ప్రతి కొట్టం గోడ పగుళ్లకూ. ఇరవై రోజులకు మళ్లీ ఒకసారి. పాలు ఎండిపోతాయని జనం పశువులను దాచుకుంటుంటే, ముందు తన ఆవుకు కొట్టమని తారే పిలిచింది.

“మర్వకు తారా,” అంది టేపు. “ముక్కు పుటాలల్ల సుత జూడు. ముందుగాల గాడనే కూసుంటయ్.”

గంగాకిషన్ నవ్వాడు. “ఆవుకు ముక్కుల పట్టుడు నేనెన్నడు జూడలె. పశువులను ఇడ్సి మూడేండ్లాయె గద, మర్సిపోయినట్టుండు.”

“పసులల్లనే పుట్టి పెరిగినోడు సార్. ఎట్ల మరుస్తడు?” అని, తార ఆగిపోయింది.

ఆయన వెళ్లాక ఆవు ముక్కు తడిమి చూసింది. తడిగా, శుభ్రంగా ఉంది. క్యాసెట్ వెనక్కి తిప్పి మళ్లీ విన్నది. మాట వెనక హోరు గాలి వీచినట్టు కాసేపు పెరిగి, కాసేపు తగ్గింది.

క్యాసెట్ తెచ్చింది బాల్కొండ కాశీరాం. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చాడు. మూడో రోజు పసుపు అమ్మడానికి ఆర్మూరు అంగడికి వస్తే, తార వెతుక్కుంటూ వెళ్లి పట్టుకుంది.

“తమ్మీ, ఆయన దుకాణం నువ్వు జూసినవా?”

“జూసిన అక్కా.”

“ఎట్లుంటది?”

కాశీరాం కట్టి ఉన్న బస్తా మూతినే విప్పి మళ్లీ కట్టాడు. “మంచిగుంటది.”

“ఆయనకు ముచ్చట పెట్టనీకి ఎవరన్న ఉన్నరా?”

కాశీరాం తల ఎత్తలేదు. “బస్సొచ్చే యాళ్లయింది అక్కా,” అన్నాడు. అమ్మకం ఇంకా మొదలే కాలేదు.

తార వెనక్కి తిరిగింది. ఇంటికొచ్చి ఆవుకు కుడితి పెట్టింది. తనకు పొయ్యి వెలిగించుకోలేదు.

ఇరవై రోజులకు గంగాకిషన్ రెండోసారి వచ్చేసరికి పశువులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. తార ఆవు పాలు ఎండకపోవడం అందరూ చూశారు. సత్తవ్వ కూడా తన ఒక్క బర్రెను తోలుకొచ్చింది.

“గీ మందు పేరు, ఎంత నీళ్లల్ల ఎంత కలపాల్నో జర కాయితం మీద రాసియ్యి సార్,” అంది తార.

“నేనే వచ్చి కొడ్త గద, నీకెందుకు చెల్లె?”

“పనున్నది సార్.”

మర్నాడు కాశీరాం మస్కట్ తిరిగి పోతున్నాడు. తార గుమ్మంలో కూర్చుని, కొత్త క్యాసెట్ పెట్టి మీట నొక్కింది.

“ఇంటున్నవా? ఆవు మంచిగున్నది. పాలు మునుపటి లెక్కనే ఇస్తున్నది. పిడుదులు పోయినయ్. నా ఫికర్ చెయ్యకు. యాళ్లకు తిను.”

టేపు తిరుగుతూనే ఉంది. తార గొంతు సవరించుకుంది.

“మందు పేరు కాయితం మీద రాయించి కాశీరాంకు ఇస్తున్న. కొట్టేటప్పుడు గాలికి ఎదురుంగ నిలవడకు. మూతికి తువ్వాల కట్టుకో. సార్‌ను అడిగిన.”

కొంగుతో ముఖం తుడుచుకుని, టేప్‌రికార్డర్‌కు నోరు దగ్గర పెట్టింది.

“ఒంటెలకు సుత గదే మందంట.”