పక్కసీటు మ్యాట్

"ఇంకాస్త పికప్ పెంచాలి మేస్త్రీ! మలుపుల్లో కూడా బండి బాణంలా దూసుకుపోవాలి," అన్నాను, నా చిన్న కారు బానెట్ తడుతూ.

మెకానిక్ పక్కసీటు ముందున్న రబ్బరు మ్యాట్ తీసి చూపించాడు. పాదం ఆనేచోట అరిగి చిల్లు పడింది.

"డ్రైవరు వైపు అరిగిందంటే అర్థముంది. ఇటు బ్రేకే లేదు కద సార్, ఏం తొక్కారు?"

నవ్వుతూ, పక్కనే నిల్చున్న మా ఆవిడ వైపు తిరిగాను. ఆరేళ్లుగా ఆ సీటు ఆమెదే. మలుపు తిరిగిన ప్రతిసారీ "భయమేసిందా?" అని గర్వంగా అడిగేవాణ్ణి. "అబ్బే, లేదండీ," అనేది.

"అలవాటైపోయిందండీ," అంది ఇప్పుడు, నెమ్మదిగా. "కొత్త మ్యాట్ వేయిద్దాం లెండి."

నాకు తల కొట్టేసినట్టయింది. తప్పు తనదైనట్టు, ఆమె కుడిపాదాన్ని ఎడమపాదం వెనక దాచుకుంది.