పచ్చ లైటు

పెట్టె అడుగున దొరికిన పాత ఫోను చార్జింగ్ పెట్టగానే వెలిగింది. ఊళ్లో సిగ్నల్ లేని కాలంలో రాజబాబు జగదల్‌పూర్ పట్నం దాకా బస్సులో పోయి, సిగ్నల్ పట్టి దింపుకున్న యాప్ ఇంకా అందులోనే ఉంది. తెర మీద వేలు పెట్టి మాట చెబితే నిజమైతే పచ్చ లైటు, అబద్ధమైతే ఎర్ర లైటు.

పెళ్లికి ముందు అతను సమ్మక్కతో "నువ్వంటే ఇష్టం" అన్నది దాని మీద వేలు పెట్టే. పచ్చగా వెలిగింది.

"మళ్ల చెప్పు, చూద్దాం," అంది సమ్మక్క, ఇప్పపూలు ఆరబోస్తూ.

చెప్పాడు. తెర ఎర్రబడింది.

"ఏందిది?"

"పక్క బటన్ పాడైంది, నొక్కినా పచ్చగైతలేదు!" అనేసి నాలుక కరుచుకున్నాడు.

సమ్మక్క పకపకా నవ్వింది. "ఆ రోజు గూడ బటన్ మీద నీ వేలు చూసిన. గజగజ వణికింది. ఆ వణుకు చూసే కదా ఒప్పుకున్న!"